నేల మెరిస్తే చాలదు, జారకూడదు!

“సార్, గృహప్రవేశమై నెల కాలేదు. అమ్మ జారిపడింది” అంటూ సోమల దగ్గరి పల్లె నుంచి ఓ కొడుకు వచ్చాడు. కుప్పం గ్రానైట్‌కు అద్దంలా పాలిష్ పట్టించిన నేల. ఎక్స్‌రే తీస్తే తుంటి ఎముక విరిగింది. ఎముకలు గుల్లబారిన పెద్దలకు తడిసిన నున్నటి నేల అంత ప్రమాదం.

అలాగని తివాచీ పరిచేయొద్దు. అందులో దుమ్ముతో పాటు కంటికి కనిపించని డస్ట్‌మైట్స్ చేరి ఆస్తమాను, అలర్జీలను పెంచుతాయి. చెక్క ఫ్లోరింగ్‌లో వాటి బెడద తక్కువే గానీ, తేమకు ఉబ్బుతుంది, చెదలూ పడతాయి.

మన ఇళ్లకు గరుకు బండలో, మ్యాట్ ఫినిష్ టైల్సో మేలు. బాత్రూములో యాంటీస్కిడ్ టైల్స్ వేయించి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. నేల తుడిచాక ఆరేదాకా పెద్దలను నడవనీయకండి.