విదేశాలకు వెళ్ళే నర్సులు ఏ ఇంగ్లీషు పరీక్ష రాయాలి?

"మా పాప జి.ఎన్.ఎం. పాసయింది. లండన్ పోవాలంటే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. రాయాలంటున్నారు. అందులో రెండు రకాలున్నాయంట. ఏది రాయించమంటారు?"

ఓ.పి. దగ్గర గానీ, ఆదివారం ఆరాధన అయ్యాక గానీ తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ప్రాంతాల్లో చాలా కుటుంబాలు వాన మీద ఆధారపడి బ్రతుకుతున్నాయి. బోరు ఎండితే పంట లేదు. అలాంటి ఇంట్లో ఒక బిడ్డ నర్సు అయితే ఆ ఇంటి ఆశలన్నీ ఆ బిడ్డ మీదే ఉంటాయి. ఈ పరీక్ష ఫీజు ఇప్పుడు పదిహేను వేల రూపాయలు దాటింది. కోచింగ్, హాస్టలు, ప్రయాణం ఖర్చులు వేరు. బంగారం కుదువ పెట్టి కట్టిన డబ్బు తప్పు పరీక్షకు పోతే తిరిగి రాదు. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని వివరంగా రాస్తున్నాము.

ముందుగా ఒక్క మాట గుర్తుంచుకోండి. మంచి పరీక్ష, చెడ్డ పరీక్ష అని లేవు. మీరు వెళ్ళే దేశంలో మీ కాగితాలు చూసే సంస్థ ఏది అడుగుతుందో అదే మీరు రాయవలసిన పరీక్ష.

ఒకే పేరు, రెండు రకాలు

ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి. రెండింటిలోనూ నాలుగు విభాగాలే: వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం. వినడం, మాట్లాడడం రెండింటికీ ఒకటే. తేడా చదవడంలో, రాయడంలో ఉంటుంది.

అకడమిక్‌లో మూడు పెద్ద వ్యాసాలు చదివి 40 ప్రశ్నలకు జవాబు రాయాలి. రాసే విభాగంలో మొదటి ప్రశ్నకు ఒక గ్రాఫు గానీ పట్టిక గానీ చూసి, అందులో ఏముందో కనీసం 150 పదాల్లో చెప్పాలి. జనరల్‌లో నోటీసులు, ప్రకటనలు, ఉద్యోగ నియమాలు వంటి చిన్న పాఠాలతో మొదలై చివర ఒక పెద్ద వ్యాసం ఉంటుంది. రాసే విభాగంలో గ్రాఫుకు బదులు ఉత్తరం రాయాలి. రెండవ ప్రశ్న, అంటే 250 పదాల వ్యాసం, రెండు రకాల్లోనూ ఉంటుంది.

"జనరల్ తేలిక, అదే రాయించండి" అని కొందరు మధ్యవర్తులు చెబుతుంటారు. పాఠాలు తేలికగా కనిపించే మాట నిజమే. కానీ మార్కులు వేసే లెక్క వేరు. చదివే విభాగంలో 7 బ్యాండ్ రావాలంటే అకడమిక్‌లో 40కి సుమారు 30 సరైన జవాబులు చాలు. జనరల్‌లో సుమారు 34 కావాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి, బ్రిటన్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ అకడమిక్‌నే ఒప్పుకుంటుంది. జనరల్‌లో 8 బ్యాండ్ వచ్చినా అక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్‌కు ఆ కాగితం పనికిరాదు.

యు.కె.వి.ఐ. అనే మరో మాట కూడా మీ చెవిన పడి ఉంటుంది. అది వేరే ప్రశ్నపత్రం కాదు. బ్రిటన్ ప్రభుత్వం ఆమోదించిన కేంద్రంలో, వారి నియమాల ప్రకారం జరిగే అదే పరీక్ష. కొన్ని వీసాలకు ఇది తప్పనిసరి. మీ వీసాకు కావాలో లేదో ఫీజు కట్టకముందే అడగండి.

వైద్య రంగం వారికి ఓ.ఇ.టి.

ఇది 1980ల చివరలో ఆస్ట్రేలియాలో మొదలైన పరీక్ష. నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు మొదలైన 12 వైద్య వృత్తుల వారి కోసం నడుపుతున్నారు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ 2017 నవంబరు నుండి దీనిని ఒప్పుకుంటోంది.

ఇందులో గ్రాఫులుండవు. నర్సుకు ఒక రోగి కేసు వివరాలిస్తారు. వాటిని చదివి, ఆ రోగిని డిశ్చార్జి చేస్తున్నప్పుడో, వేరే చోటికి పంపుతున్నప్పుడో రాసే ఉత్తరం 180 నుండి 200 పదాల్లో రాయాలి. సమయం 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు చదవడానికే. మాట్లాడే విభాగంలో పరీక్షకులు రోగిగానో, రోగి బంధువుగానో నటిస్తారు. మీరు నర్సుగా మాట్లాడాలి. ఇలాంటి సంభాషణలు రెండుంటాయి.

వార్డులో పని చేసిన అనుభవం ఉన్నవారికి ఇది దగ్గరగా అనిపిస్తుంది. అలాగని తేలిక అనుకోకండి. కేసు షీటులో ఉన్నదంతా ఎత్తి రాస్తే మార్కులు రావు. ఉత్తరం అందుకునేవారికి ఏది అవసరమో ఏరి రాయాలి. భయపడుతున్న రోగికి ధైర్యం చెబుతూ, అర్థమయ్యే మాటల్లో మాట్లాడాలి. మంచి నర్సు రోజూ చేసే పని ఇదే. దీనిని ఇంగ్లీషులో చేయాలి, అంతే తేడా.

బ్రిటన్‌కు ఎన్ని మార్కులు కావాలి?

ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అకడమిక్ అయితే మొత్తం మీద 7 బ్యాండ్ రావాలి. వినడం, చదవడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 ఉండాలి. ఓ.ఇ.టి. అయితే ఆ మూడింటిలో బి గ్రేడు, అంటే 350 మార్కులు, రాయడంలో సి ప్లస్, అంటే 300 మార్కులు రావాలి. ఫలితం రెండేళ్ళు మాత్రమే చెల్లుతుంది. ఇది పాసయితే దారి మొదలైనట్టే, పూర్తయినట్టు కాదు. తరువాత నర్సింగ్ కౌన్సిల్ వారి కంప్యూటర్ పరీక్ష, బ్రిటన్ వెళ్ళాక ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. కాబట్టి మిగతా కాగితాలేవీ సిద్ధం కాకుండా తొందరపడి రాసి, గడువు పోగొట్టుకోకండి.

ఏ దేశానికి ఏది?

ఆస్ట్రేలియా: నర్సుగా రిజిస్ట్రేషన్‌కు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అకడమిక్ గానీ, ఓ.ఇ.టి. గానీ చెల్లుతుంది.

కెనడా: ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా శాశ్వత నివాసానికి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. రాసేవారు జనరల్ ట్రైనింగ్ రాయాలి. అక్కడ అకడమిక్ చెల్లదు. నర్సుగా పని చేయడానికి ఆయా రాష్ట్రాల నర్సింగ్ సంస్థలు వేరే నియమాలు పెట్టుకున్నాయి. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

జర్మనీ: ఇక్కడ కావలసింది ఇంగ్లీషు కాదు, జర్మన్ భాష. నర్సులను సాధారణంగా బి2 స్థాయి అడుగుతారు. జర్మనీకి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. కోచింగ్ తీసుకోమని ఎవరైనా చెబితే ఆగి ఆలోచించండి.

గల్ఫ్ దేశాలు: నర్సులకు సాధారణంగా ఆ దేశపు లైసెన్సు పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన ముఖ్యం. ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన 18 దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలని కేంద్ర ప్రభుత్వం 2015లో నిబంధన తెచ్చింది. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అలాంటి ప్రభుత్వ సంస్థ.

మీరు అడిగినవి

ప్రశ్న: ఒక విభాగంలో అర బ్యాండ్ తగ్గింది. మళ్ళీ మొదటి నుండి రావలసిందేనా?

జవాబు: మళ్ళీ నాలుగు విభాగాలూ రాయాలి. కానీ 12 నెలల లోపు రెండుసార్లు రాసిన అదే పరీక్ష ఫలితాలను కలిపి చూడడానికి బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. షరతు ఏమిటంటే, రెండుసార్లలో ఎప్పుడూ వినడం, చదవడం, మాట్లాడడంలో 6.5 కంటే, రాయడంలో 6 కంటే తగ్గకూడదు. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఒకసారి, ఓ.ఇ.టి. ఒకసారి రాసి కలపడం కుదరదు. కనుక మొదటి ఫలితం కాగితం పారేయకండి.

ప్రశ్న: నర్సింగ్ చదవలేదు. కేర్ వర్కర్‌గా బ్రిటన్ పంపిస్తామని ఒకరు డబ్బు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: వద్దు. విదేశాల నుండి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే దారిని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలై 22 నుండి మూసివేసింది. ఏ ఇంగ్లీషు పరీక్ష పాసయినా ఆ దారి తెరుచుకోదు.

ప్రశ్న: మా అమ్మాయి భర్త బ్రిటన్ పౌరుడు. ఆమె అక్కడికి కాపురానికి వెళ్ళాలి. ఆమె కూడా అకడమిక్ రాయాలా?

జవాబు: అవసరం లేదు. మొదటి కుటుంబ వీసాకు ఏ1 స్థాయి చాలు. దానికి లైఫ్ స్కిల్స్ అనే చిన్న పరీక్ష ఉంది. అందులో వినడం, మాట్లాడడం మాత్రమే ఉంటాయి.

ఫీజు కట్టే ముందు

1. ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఏ దేశం, ఏ పని లేక చదువు, మీ కాగితాలు చూసే సంస్థ ఏది. తరువాత ఆ సంస్థ వెబ్‌సైటులో పరీక్ష పేరు, రకం, మార్కులు మీరే చదవండి. ఇంట్లో వీలు లేకపోతే తెలిసిన టీచరు దగ్గర కూర్చుని చదివించుకోండి. నియమాలు మారుతుంటాయి. అక్కయ్య రాసిన సంవత్సరం లెక్క చెల్లెలికి పనికిరాకపోవచ్చు.

2. పాస్‌పోర్టు లేకుండా ఐ.ఇ.ఎల్.టి.ఎస్. రాయనివ్వరు. మన కుటుంబాల్లో సంఘంలో పిలిచే పేరు ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు మరొకటి ఉంటుంది. నర్సింగ్ రిజిస్ట్రేషన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉండిపోతుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే పరీక్షకు దరఖాస్తు చేయండి. తేడాలుంటే ముందే సరిచేయించుకోండి.

3. కంప్యూటర్ మీద రాసేవారు టైపింగ్ బాగా నేర్చుకోవాలి. కాగితం పరీక్షలో విన్న జవాబులు దించుకోవడానికి చివర 10 నిమిషాలు ఇచ్చేవారు. కంప్యూటర్ పరీక్షలో సరిచూసుకోవడానికి 2 నిమిషాలే ఉంటాయి.

4. డబ్బు ఎవరికి కట్టినా రసీదు తీసుకోండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలి రాకండి.

చదువుతో పాటు ఆరోగ్యం

నైట్ డ్యూటీ దిగి, ఏమీ తినకుండా పుస్తకం పట్టుకుంటే తల తిరుగుతుంది గానీ చదువు ఎక్కదు. ముందు నిద్రపోండి. రోజుకు గంట చొప్పున ఆరు నెలలు చదివింది నిలుస్తుంది. నెల రోజులు తెల్లవార్లూ చదివింది నిలవదు. డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు ఇంగ్లీషులో ఇవ్వడం అలవాటు చేసుకోండి. రోజుకు ఒక కేసు గురించి పది వాక్యాలు రాయండి. పరీక్షకు హైదరాబాదో విజయవాడో వెళ్ళవలసి వస్తే ముందురోజే చేరుకోండి. రాత్రంతా బస్సులో కూర్చుని ఉదయాన్నే పరీక్షకు వెళ్ళకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఒకసారి మార్కులు తగ్గితే బిడ్డను నిందించకండి. తెలుగు మీడియంలో చదివిన బిడ్డ పరాయి భాషలో 6 బ్యాండ్ తెచ్చుకోవడం కూడా కష్టపడితేనే వచ్చింది. ఫలితం వచ్చిన తరువాత నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, ఎవరితో మాట్లాడకుండా మౌనంగా ఉంటున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పరీక్ష మళ్ళీ రాయవచ్చు. ముందు బిడ్డ ఆరోగ్యంగా ఉండాలి.