జ్వరం విడిచిన రోజు, పనికి వెళ్ళదగిన రోజు

దేవనహళ్ళి పట్టణంలోను, పరిసర గ్రామాలలోను తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. 2008లో విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి ఉపాధి కోసం రాయలసీమ జిల్లాల నుండి వచ్చినవారు వారికి తోడయ్యారు. వీరిలో అనేకులు భవన నిర్మాణం, వాహన చోదన, హోటళ్ళు, గిడ్డంగులు, ద్రాక్షతోటలు వంటి చోట్ల పనిచేస్తున్నారు. ఒకపూట పని మానితే ఆ పూట కూలి పోయే జీవితాలివి. అందువల్ల మాత్ర వేసుకొని, ఒళ్ళు కాస్త చల్లబడగానే పనికి బయలుదేరడం సాధారణమైపోయింది.

పూర్వం మన పెద్దల ఇళ్ళలో జ్వరం విడిచిన రోజు వేరు, పథ్యం పెట్టిన రోజు వేరు, తిరిగి పొలానికి వెళ్ళిన రోజు వేరు. జ్వరం విడవడమూ కోలుకోవడమూ ఒకటి కాదన్న ఆ వివేకం నేటికీ అవసరమే. పనికి తిరిగి వెళ్ళే ముందు ప్రతి ఒక్కరూ తమను తాము మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ప్రమాదం దాటిందా?

పారాసిటమాల్ మాత్ర జ్వరాన్ని తాత్కాలికంగా అణచగలదే గాని, జ్వరానికి మూలమైన వ్యాధిని నయం చేయదు. కనుక మాత్ర ప్రభావంలో ఉన్నప్పుడు జ్వరం లేదనుకోవడం సరికాదు. మాత్ర వేసుకోకుండానే కనీసం 24 గంటలు జ్వరం రాకుండా ఉంటే, సాధారణ జలుబు జ్వరాల విషయంలో పనికి వెళ్ళే ఆలోచన చేయవచ్చు.

డెంగీ విషయంలో ఈ నియమం చాలదు. డెంగీలో అత్యంత ప్రమాదకరమైన దశ తరచుగా జ్వరం తగ్గే సమయంలోనే, అంటే 3 నుండి 7 రోజుల మధ్య మొదలవుతుంది. ఆ సమయంలో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం కారడం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి. డెంగీ అనుమానమున్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు సొంతంగా వాడరాదు. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత ఇక్కడ పనికిరాదు. ద్రవపదార్థాలు పుష్కలంగా తీసుకోవాలి.

రెండవ ప్రశ్న: నా వల్ల ఇతరులకు సోకుతుందా?

ఫ్లూ జ్వరం లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుండి సుమారు 5 నుండి 7 రోజుల వరకు ఇతరులకు సోకగలదు. జ్వరం తగ్గినా దగ్గు మిగిలి ఉంటే కొన్ని రోజులు మాస్కు ధరించాలి. ఆటలమ్మ పోసినవారు పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టే వరకు ఇంట్లోనే ఉండాలి.

వాంతులు, విరేచనాలు అయినవారు అవి పూర్తిగా ఆగిన తరువాత మరో 48 గంటలు పనికి వెళ్ళకపోవడం మంచిది. హోటళ్ళలో, క్యాంటీన్లలో వండేవారూ వడ్డించేవారూ ఈ గడువును తప్పక పాటించాలి. టైఫాయిడ్ వచ్చినవారు ఒంట్లో బాగున్నట్లు అనిపించినా కొంతకాలం వ్యాధిక్రిములను మోసుకు తిరగవచ్చు. కనుక ఆహారాన్ని ముట్టే పనిలో ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే తిరిగి చేరరాదు.

క్షయవ్యాధికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో చికిత్స ఉచితం. మందులకు లొంగే క్షయ అయితే, సరైన చికిత్స మొదలుపెట్టిన సుమారు 2 వారాలకు సోకే స్వభావం చాలావరకు తగ్గుతుంది. పనిలో చేరే రోజును వైద్యుడే నిర్ణయించాలి. పనిలో చేరినా మందులను పూర్తికాలం వాడవలసిందే.

మూడవ ప్రశ్న: నేను చేసే పనికి శరీరం సిద్ధంగా ఉందా?

కూర్చుని లెక్కలు రాసేవారికి సరిపోయే శక్తి, పరంజా ఎక్కే మేస్త్రీకి చాలదు. డెంగీ తరువాత నీరసం కొన్ని వారాలు ఉండవచ్చు. ఎత్తైన చోట కళ్ళు తిరిగితే ఫలితం ప్రాణాంతకం. జలుబుకు వాడే కొన్ని మాత్రలు మగత కలిగిస్తాయి. అవి వేసుకొని వాహనం నడపడం ప్రయాణికులకూ ముప్పే. కాబట్టి వైద్యుని వద్ద జబ్బు ఒక్కటే చెప్పక, చేసే పనిని కూడా వివరించండి: బరువులెత్తే పనా, రాత్రి పాళీయా, తోటలో పురుగుమందు కొట్టే పనా? కన్నడం రానివారు “నాను యావాగ కెలసక్కె హోగబహుదు?” అని అడగవచ్చు. ‘నేనెప్పుడు పనికి వెళ్ళవచ్చు?’ అని దాని అర్థం.

కూలి నష్టం మాటేమిటి?

ఈఎస్ఐ పథకం వర్తించే సంస్థలలో నెలకు 21,000 రూపాయలకు మించని వేతనంతో పనిచేసేవారు ఇందులోకి వస్తారు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉంటే, జబ్బు కాలంలో సగటు దినవేతనంలో 70 శాతం భృతిగా లభిస్తుంది. ఏడాదిలో గరిష్ఠంగా 91 రోజుల వరకు ఇది వర్తిస్తుంది. సాధారణంగా మొదటి రెండు రోజులకు భృతి ఉండదు. ఈఎస్ఐ వైద్యుని ధ్రువపత్రం తప్పనిసరి కనుక, జబ్బుపడిన తొలిరోజే డిస్పెన్సరీకి వెళ్ళండి. కోలుకున్న తరువాత తుది ధ్రువపత్రం తీసుకొని పనిలో చేరండి.

దుకాణాలలో, హోటళ్ళలో, కార్యాలయాలలో పనిచేసేవారికి కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం, 1961 ఏడాదికి 12 రోజుల వరకు వేతనంతో కూడిన అనారోగ్య సెలవు కల్పిస్తున్నది. గడచిన 12 నెలలలో 90 రోజులు నిర్మాణపు పని చేసిన 18 నుండి 60 ఏళ్ళ లోపు వారు రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవచ్చు. ఆసుపత్రి ఖర్చులకు మండలి సహాయం అందిస్తుంది. జబ్బుపడక ముందే నమోదు చేసుకుంటే అవసరానికి అక్కరకు వస్తుంది.

వీటిలో ఏదీ వర్తించని వ్యవసాయ కూలీలు, ఇంటిపని చేసేవారు కూడా మనలో ఉన్నారు. వారి విషయంలో యజమానుల మంచితనమే ఆధారం. రెండు రోజుల విశ్రాంతి, తరువాత కొన్నాళ్ళు తేలికైన పని ఇవ్వడం యజమానికి పెద్ద భారం కాదు. జ్వరంతో వచ్చిన ఒక్కరి నుండి పనివారందరికీ జబ్బు సోకితే కలిగే నష్టమే ఎక్కువ.

మూడు ప్రశ్నలకూ ‘అవును, లేదు, అవును’ అని నిస్సంకోచంగా జవాబు చెప్పగలిగిన రోజే మీరు పనికి వెళ్ళదగిన రోజు. ఏ ఒక్క జవాబులోనైనా సందేహముంటే వైద్యుని అడగండి.