కంచె చేను మేసిన వ్యాధి

1950వ సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున విలియం హారింగ్టన్ అను యువవైద్యుడు ఒక రోగి రక్తమును సుమారు అర లీటరు తన శరీరములోనికి ఎక్కించుకొనెను. ఆ రోగికి ప్లేట్‌లెట్లు, అనగా రక్తమును గడ్డకట్టించు ఫలకికలు, నశించిపోవు వ్యాధి కలదు. కొన్ని గంటలలోనే హారింగ్టన్ రక్తములోను అవి దాదాపు అంతరించెను, మూర్ఛ వచ్చెను, తేరుకొనుటకు ఇంచుమించు వారము పట్టెను. ఇట్టి సాహసమును నేడు ఏ ఆసుపత్రియు అనుమతింపదు. కాని చిరకాల సందేహ మొకటి దానితో తీరినది. ఫలకికలను రక్తములోనిదే ఏదియో చంపుచున్నది.

ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు 1,50,000 మొదలు 4,50,000 వరకు ఫలకికలుండును. ఒక్కొక్కటి 8, 10 దినములు జీవించును. ఐ.టి.పి. అను ఈ వ్యాధిలో వాని ఆయువు గంటలకు దిగజారవచ్చును. చర్మముపై ఎర్రని చుక్కలు, కమిలిన మచ్చలు, ముక్కునుండి రక్తము. అరుదుగ మెదడులో రక్తస్రావము.

దేహరక్షణకై పుట్టిన ప్రతిరక్షకములే ఫలకికలకు అంటుకొనగా, ప్లీహములోని భక్షకకణములు వానిని మ్రింగివేయును. కంచె చేను మేయుట యన్న నిదియే. ప్రేగ్‌లో వైద్యవిద్యార్థి యగు కాజ్నెల్సన్ 1916లోనే ప్లీహమును తొలగింపుడని సూచించెను. కారణము తెలియకమునుపే చికిత్స దొరకుట వైద్యచరిత్రలో వింత కాదు.

అయితే కొందరు రోగులలో ఎంత వెదకినను ప్రతిరక్షకములు కానరావు. మరి నేరమెవరిది? థైమస్ గ్రంథిలో పరిణతి చెందు తెల్లరక్తకణములగు టి-కణములవైపు చూపు మరలినది. వీనిలో సహాయకములు ప్రతిరక్షకముల ఉత్పత్తిని పురికొల్పును. హంతకములు స్వయముగనే ఫలకికలను నాశనము చేయగలవని 2003లో స్వీడన్ పరిశోధకులు చూపిరి. ఈ రెంటిని అదుపున నుంచవలసిన నియంత్రకములు రోగులలో కొరవడుచున్నవి. దాడి చేయువాని బలముకంటె కావలివాని బలహీనతయే పెద్ద దోషమేమో!

స్టెరాయిడ్ల విలువ ఇచ్చటనే తెలియును. ప్రెడ్నిసొలోన్‌ను గాని, పెద్దలకు దినమునకు 40 మిల్లీగ్రాముల చొప్పున 4 దినములు డెక్సామెథసోన్‌ను గాని ఇచ్చినచో భక్షకకణముల ఆకలి తగ్గును, నియంత్రకముల సంఖ్య పెరుగును. అనేకులలో ఫలకికలు కొలదిదినములలోనే కోలుకొనును. కాని మందు ఆగిన పిమ్మట చాలమందికి వ్యాధి తిరుగబెట్టును. నెలల తరబడి వాడినచో ముఖము ఉబ్బును, ఎముకలు గుల్లబారును, మధుమేహము తలయెత్తును. కనుకనే 6 వారములకు మించి సాగనీయకుండుట మేలని నేటి వైద్యుల మతము. చాలకాలము వాడినవారు తమంతట తాము హఠాత్తుగ మానుటయు ప్రమాదమే.

పిల్లల సంగతి వేరు. జలుబో జ్వరమో వచ్చి తగ్గిన కొన్ని వారములకు ఇది పొడసూపి, చాలమందిలో కొలదినెలలకు తనంతట తానే నయమగును. రక్తస్రావము లేనిచో మందీయక కనిపెట్టియుండుట కలదు. తరగతిలో బాలుని కాళ్లపై దెబ్బ తగలకయే మచ్చలు కనిపించినచో, ఎవరో కొట్టిరను అనుమానముతోనే ఆగక, ఉపాధ్యాయులు తల్లిదండ్రులకు చెప్పి రక్తపరీక్ష చేయింపవలెను. ఫలితము వచ్చువరకు ఆస్పిరిన్ ఈయరాదు, దెబ్బలు తగులు ఆటలకు పంపరాదు.