“ప్రపంచ విజేత” యను బిరుదము

ఏ బిరుదమునకైనను విలువ నొసగునది గెలిచినవాని బలము మాత్రమే కాదు. దానికై పోరాడుటకు ఎవరెవరికి అవకాశము దొరకినదో కూడ విచారింపవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములయందు ఏటేట శరత్కాలమున జరుగు “వరల్డ్ సిరీస్” అను బేస్‌బాల్ పోటీల చరిత్ర ఇందుకు చక్కని దృష్టాంతము.

బేస్‌బాలును జీవనోపాధిగా గొన్న ఆటగాండ్ర జట్లకు ఆ దేశమున రెండు ప్రధాన కూటములు కలవు. నేషనల్ లీగ్ 1876లో స్థాపితమయ్యెను. అమెరికన్ లీగ్ 1901లో తానును దానికి సమానమేయని ప్రకటించుకొనెను. కొంతకాలము వైరము నెరపి ఇవి సంధి చేసికొనగా, 1903లో రెండింటి అగ్రగాములును తలపడెను. ఎనిమిది ఆటలలో అయిదింటిని గెలిచి బోస్టన్ జట్టు పిట్స్‌బర్గ్ జట్టును ఓడించెను. మరుసటి యేట న్యూయార్క్ జయంట్స్ జట్టువారు అమెరికన్ లీగును తమకు సాటిగా నంగీకరింపక పోటీకి రామనిరి. 1905లో నియమము లేర్పడినవి. పిమ్మట రెండు మహాయుద్ధములు కూడ ఈ పోటీని ఆపజాలలేదు. 1994లో ఆటగాండ్ర సమ్మె మాత్రమే ఆపగలిగెను.

1919లో చికాగో వైట్ సాక్స్ జట్టునందలి ఎనమండుగురు జూదరులతో చేరి, సిన్సినాటికి ఓడిపోవుటకు కుట్ర పన్నిరని అభియోగము వచ్చెను. 1921లో న్యాయస్థానము వారిని నిర్దోషులని విడిచిపెట్టినను, బేస్‌బాల్ కమిషనరగు కెనెసా మౌంటెన్ లాండిస్ వారి నందరిని ఆటనుండి శాశ్వతముగా బహిష్కరించెను. ఆట నిర్మలముగా నుండవలెనని ఇంత కఠినముగా కావలి కాచిన ఆ యధికారి కన్నులయెదుటనే అంతకంటె పెద్ద కళంకము నిలిచియుండెను. 1920 మొదలు 1944లో తాను మరణించువరకు సాగిన అతని పాలనలో ప్రధాన కూటములయందు ఒక్క నల్లజాతి ఆటగానికైనను చోటు దొరకలేదు.

ఈ నిషేధము లిఖితశాసనము కాదు. 1880 దశాబ్దమునుండి యజమానులు తమలో తాము పాటించుకొనిన కట్టుబాటు. పంక్తిబాహ్యులైనవారు ఊరకుండలేదు. 1920లో రూబ్ ఫాస్టర్ నాయకత్వమున నీగ్రో నేషనల్ లీగ్ వెలసెను. 1924లో కాన్సాస్ సిటీ మొనార్క్స్, హిల్‌డేల్ జట్లు తమ సొంత వరల్డ్ సిరీసును పది ఆటలు ఆడగా, ఒకటి సమానమై, మొనార్క్స్ అయిదింటిని, హిల్‌డేల్ నాలుగింటిని గెలిచినవి. నాటినుండి దేశమున “ప్రపంచ విజేతలు” రెండు తెగలైరి!

1947 ఏప్రిల్ 15వ తేదీన జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ పక్షమున బరిలో దిగి ఆ కట్టుబాటును ఛేదించెను. ఆ యేటి వరల్డ్ సిరీసునందును ఆడెను. అతని జట్టు యాంకీస్ చేతిలో నాలుగు మూడాటలతో ఓడినది. మరుసటి యేట లారీ డోబీ, సాచెల్ పేజ్ అను నల్లజాతి వీరులు క్లీవ్‌లాండ్ జట్టుతో విజేతలైరి. కాని అసమాన బలశాలియగు జాష్ గిబ్సన్ ఈ ద్వారము తెరచుకొనుటకు మూడు నెలలు ముందుగా, 1947 జనవరిలో, 35వ యేట మరణించెను.

జట్లకు మాత్రము ద్వారములు సులభముగా విశాలమైనవి. 1969లో ఒక్కొక్క కూటమిని రెండుగా విభజించి, తుదిపోరునకు ముందొక పోటీని చేర్చిరి. 1995లో మరియొక అంచె వచ్చెను. 2022నుండి పండ్రెండు జట్లకు ప్రవేశము కలిగెను. ఆటలు పెరిగినకొలది టిక్కెట్లవలనను ప్రసారములవలనను ఆదాయము పెరుగును. లాభము కనబడినచోట నియమములు మార్చుటకు ఆలస్యము కాలేదు. మనుష్యులను లోనికి రానిచ్చుటకు అరువదియేండ్లు పట్టినది.

2024లో 1920–48 నడుమ ప్రధానములుగా నెంచబడిన నల్లజాతి కూటముల గణాంకములను అధికారిక పట్టికలలో చేర్చిరి. బ్యాటింగు చేసిన వేయి పర్యాయములకు 372 చొప్పున బంతిని సఫలముగా కొట్టిన గిబ్సన్ పేరు నేడు జీవితకాల సగటులలో అగ్రమున నున్నది. ఇది న్యాయమే. అయినను 1946వరకు గెలిచినవారు తమ దేశమునందలి సమర్థులందరిని గెలిచినవారు కారు. అది వారి ఆటలోని లోపము కాదు. ఎదుట నిలువదగినవారిని నిలువనీయని యజమానుల దోషము. ఆ బిరుదముల పట్టికను చదువునప్పుడు ఈ భేదమును మరువరాదు.