అయిదు మరణాలు ఏం చెప్పగలవు?
భద్రాచలం టీకా వివాదం వెనుక ఉన్న లెక్క

2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక టీకా కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా మూడు మోతాదుల్లో వేయాలని తలపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీన్ని చేపట్టాయి. ఖర్చుకు గేట్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. సుమారు 14 వేల మంది బాలికలకు గార్డసిల్ టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లలు. ఇదే కార్యక్రమం కింద గుజరాత్‌లోని వడోదర జిల్లాలో పదివేల మందికి పైగా బాలికలకు మరో కంపెనీ తయారుచేసిన సెర్వరిక్స్ టీకా వేశారు.

ఏడాది తిరగకముందే పిడుగులాంటి వార్త వచ్చింది. టీకా వేయించుకున్న వారిలో ఏడుగురు చనిపోయారు. అయిదుగురు ఖమ్మం జిల్లా పిల్లలు, ఇద్దరు గుజరాత్ పిల్లలు. మహిళా ఆరోగ్య సంఘాలు భద్రాచలం వెళ్లి హాస్టళ్లలో విచారించాయి. పత్రికలు రాశాయి, పార్లమెంటు సభ్యులు నిలదీశారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపించి విచారణ సంఘాన్ని వేసింది.

టీకా వేశారు, ఆ తర్వాత పిల్లలు చనిపోయారు. కన్నవారికి ఈ రెండు మాటల మధ్య ఇంకో మాట అక్కర్లేదు. కానీ టీకా వేయకపోయినా ఆ తొమ్మిది నెలల్లో, ఆ మన్యంలో, అంతమంది పిల్లల్లో కొందరు చనిపోయేవారే. గోదావరి ఒడ్డు ఏజెన్సీకి వానాకాలమంటే మలేరియా కాలం, పాముకాట్ల కాలం. పత్తి, మిర్చి పండే ఆ పల్లెల్లో పురుగుమందు డబ్బా ప్రతి ఇంటి చూరు కిందా ఉంటుంది. రెండు రాష్ట్రాల్లో చనిపోయిన ఏడుగురిలో ఒక బాలిక క్వారీ నీళ్లలో మునిగిపోయింది. మరొకరు పాముకాటుకు, ఇంకొకరు మలేరియా ముదిరి చనిపోయారు. ఇద్దరు పురుగుమందు తాగారు. మిగిలిన ఇద్దరి విషయంలో మాత్రం కారణం అంత స్పష్టంగా తేలలేదు: ఒకరిది తీవ్రమైన జ్వరం కావచ్చని, మరొకరిది మెదడులో రక్తస్రావం కావచ్చని అనుమానించారు.

ఒక్కో మరణాన్నీ విడిగా చూస్తే కొంతవరకే తెలుస్తుంది. పురుగుమందు తాగిన బాలిక మనసును టీకా ఏమైనా కలత పెట్టిందా అన్నది శవపరీక్షలో తేలదు. టీకా వేసిన పిల్లల్లో అలాంటి మరణాలు మామూలు కంటే ఎక్కువగా జరిగాయా అని చూడటమే దారి. ఆ పని చేసే సాధనం పేరు పరికల్పన పరీక్ష. మందుల కంపెనీల నుంచి వ్యవసాయ పరిశోధన కేంద్రాల దాకా అందరూ వాడేది దీన్నే.

ముందు 'ఏమీ లేదు' అనుకోవాలి

ఈ పరీక్ష తాను నిరూపించదలచినదానికి ఎదురుమాటతో మొదలవుతుంది. టీకా వల్ల మరణాలు పెరిగాయేమో అన్నది అనుమానం. కాబట్టి పరీక్ష 'టీకాకూ మరణాలకూ ఏ సంబంధమూ లేదు' అనుకొని బయలుదేరుతుంది. దీన్ని శూన్య పరికల్పన అంటారు. మరణాలు పెరిగాయన్న అనుమానం ప్రత్యామ్నాయ పరికల్పన. ఏ సంబంధమూ లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా, కళ్లెదుట ఉన్నన్ని మరణాలు లేదా అంతకంటే ఎక్కువ సంభవించే అవకాశం ఎంత? ఈ ప్రశ్నకు జవాబుగా వచ్చే అంకెనే పి-విలువ అంటారు. అది మరీ చిన్నదైతే శూన్య పరికల్పన నిలవడం కష్టం. పెద్దదైతే దాన్ని కొట్టిపారేయడానికి ఆధారం చాలదు.

ఖమ్మం అంకెలతోనే చేసి చూడవచ్చు. మన దేశంలో 10–14 ఏళ్ల పిల్లల్లో మరణాల రేటు తక్కువే, ఏడాదికి వెయ్యికి ఒకరి లోపు. లెక్క తెలియడం కోసం పదివేలకు ఏడుగురు అనుకుందాం. 14 వేల మందిలో తొమ్మిది నెలలకు 7.35 మరణాలు ఎదురుచూడాలి. అరుదైన సంఘటనలకు వాడే పాయిసాన్ సూత్రంలో ఈ అంకె వేస్తే, అయిదు లేదా అంతకు మించి మరణాలు జరిగే అవకాశం 86 శాతం వస్తుంది. అంటే టీకా ఊసే లేని ఖమ్మంలో కూడా ఇది వింత కాదు.

ఇప్పుడు ఎదురుచూసే అంకెను మార్చి చూడండి. రేటు అందులో సగమే అయితే అదే అయిదు మరణాలకు పి-విలువ 31 శాతం. ఎదురుచూడాల్సినవి రెండే అయితే 5 శాతం. ఒక్కటే అయితే వెయ్యింట నాలుగు, అంటే గట్టిగా అనుమానించాల్సిందే. అయిదు అన్న అంకె మారలేదు. పక్కన నిలబెట్టిన అంకెను బట్టి దాని అర్థం తలకిందులైంది. 'టీకా తర్వాత అయిదుగురు మృతి' అనే వార్త, టీకా లేకుండా ఎందరు చనిపోయేవారో చెప్పనంతవరకు, భయపడటానికీ చాలదు, ధైర్యం చెప్పడానికీ చాలదు.

ఎనిమిది కప్పుల టీ

పి-విలువ ఎంత చిన్నదైతే చాలు? 5 శాతం అనే గీతను వాడుకలోకి తెచ్చినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆయన సహోద్యోగి మ్యూరియల్ బ్రిస్టల్, కప్పులో పాలు ముందు పోశారా టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనన్నారు. 1935లో వచ్చిన తన పుస్తకంలో ఫిషర్ అలాంటి పరీక్షనే వివరించాడు. ఎనిమిది కప్పులు, నాలుగింట పాలు ముందు, నాలుగింట టీ ముందు. వరస కలగాపులగంగా ఉండాలి. పాలు ముందు పోసిన నాలుగూ ఏవో ఆమె ఏరాలి. ఎనిమిదింట నాలుగు ఏరడానికి 70 మార్గాలున్నాయి. కాబట్టి గుడ్డిగా ఏరినా అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒకటి, అంటే 1.4 శాతం. మూడు సరిగ్గా ఏరి ఒకటి తప్పితే ఆ ఫలితాన్ని ఒప్పుకోకూడదు, ఎందుకంటే కనీసం మూడు సరిపోవడం గుడ్డిగా ఏరినా దాదాపు నాలుగింట ఒకసారి జరుగుతుంది. కప్పు పెదవికి తగలకముందే, ఏ ఫలితం వస్తే నమ్మాలో రాసిపెట్టుకోవడం ఈ పరీక్షకు ప్రాణం.

ఈ శాస్త్రంలో తెలుగువారి సంతకం కూడా ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే పరిశోధన చేసిన సి.ఆర్. రావు 1948లో 'స్కోర్ పరీక్ష'ను ప్రతిపాదించారు. ప్రత్యామ్నాయాన్ని పూర్తిగా లెక్కగట్టే శ్రమ లేకుండా, శూన్య పరికల్పన దగ్గరే నిలబడి, దత్తాంశం అక్కడి నుంచి ఎంత బలంగా పక్కకు లాగుతోందో కొలవడం అందులోని ఉపాయం. ప్రపంచమంతా నేటికీ దాన్ని వాడుతోంది. 2023లో గణాంక శాస్త్ర అంతర్జాతీయ బహుమతి అందుకున్న రావు, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

రెండు రకాల పొరపాట్లు

పి-విలువను అపార్థం చేసుకోవడం చాలా తేలిక. 86 శాతం వచ్చిందంటే టీకా 86 శాతం భద్రమని కాదు. శూన్య పరికల్పన నిజమైతే ఇలాంటి అంకెలు ఎంత మామూలో అది చెబుతుందంతే. శూన్య పరికల్పన నిజమో కాదో అది నేరుగా చెప్పదు.

ఇక్కడ రెండు విధాలుగా పొరపడవచ్చు. టీకాకు ఏ పాపమూ తెలియకపోయినా దోషి అనడం మొదటి రకం దోషం. టీకా నిజంగానే హాని చేస్తున్నా పట్టుకోలేకపోవడం రెండో రకం దోషం. 1930లలో యెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ ఈ రెండింటినీ విడదీసి చూపారు. 5 శాతం గీత మొదటి దోషాన్ని అదుపు చేస్తుంది. రెండోదాన్ని అదుపు చేయాలంటే తగినంత మంది కావాలి.

ఖమ్మంలో తగినంత మంది ఉన్నారా? 7.35 మరణాలు సహజమనుకున్న చోట, 5 శాతం గీత దాటాలంటే కనీసం 13 మరణాలు జరగాలి. టీకా నిజంగానే ప్రతి 14 వేల మందిలో ఒకరి ప్రాణం అదనంగా తీస్తోందనుకుందాం. టీకా విషయంలో అది ఘోరమైన హాని. అయినా ఇంత చిన్న సంఖ్యతో చేసిన పరీక్ష దాన్ని నూటికి ఎనిమిది సార్లే పట్టుకోగలదు. పెద్ద కన్నుల వలతో చిన్న చేపలకు వెళ్లినట్టే. చేప పడలేదు కాబట్టి గోదాట్లో చేపలే లేవనడం కుదరదు.

అందుకే ఈ టీకా భద్రత గురించి గట్టిగా చెప్పగలిగిన మాటలు లక్షల మందిని గమనించిన దేశాల నుంచి వచ్చాయి. డెన్మార్క్, స్వీడన్‌లలో 9,97,585 మంది బాలికల ఆరోగ్య రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. వారిలో 2,96,826 మంది టీకా తీసుకున్నవారు, మిగిలినవారు తీసుకోనివారు. పోల్చడానికి అవతలి పక్షం సిద్ధంగా ఉందన్నమాట. 29 రకాల జబ్బులను పరీక్షించగా మూడింటిలో తేడా గీత దాటింది. పరిశోధకులు అక్కడితో ఆగి టీకాను దోషిగా ప్రకటించలేదు. 29 సార్లు పరీక్షిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా, 5 శాతం లెక్కన ఒకటో రెండో గీత దాటడం సహజం. ముందుగానే పెట్టుకున్న మూడు అదనపు ప్రమాణాలతో తూచి చూస్తే, ఆ మూడు జబ్బుల్లో ప్రతిదీ ఒక్క ప్రమాణాన్నే అందుకుంది. టీకాతో ముడిపెట్టగలిగిన బలమైన ఆధారం దొరకలేదని తేల్చారు. ప్రయోజనం సంగతికొస్తే, 17 ఏళ్లలోపు టీకా తీసుకున్న వారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో స్వీడన్ అధ్యయనం చూపింది. ఆ ఏడాది అంచనాల ప్రకారం మన దేశంలో ఈ క్యాన్సర్‌తో చనిపోయిన స్త్రీలు 77 వేల మంది.

ఖమ్మంలో లోపించినది

కేంద్రం వేసిన విచారణ సంఘం 2011లో నివేదిక ఇచ్చింది. మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని చెబుతూనే, కార్యక్రమం నడిచిన తీరులో లోపాలను ఎత్తిచూపింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక ఇంకా ఘాటుగా మాట్లాడింది. హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాలపై సంతకాలు చేయడాన్నీ, టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను నమోదు చేసే ఏర్పాటు సరిగా లేకపోవడాన్నీ తప్పుబట్టింది. ఆత్మహత్యలకూ టీకాకూ సంబంధం లేదని లోతైన దర్యాప్తు లేకుండానే తేల్చేశారని ఆక్షేపించింది.

సమ్మతి విషయం ఏ పి-విలువా తీర్చలేనిది. టీకా ఎంత మంచిదైనా, కన్నవారికి చెప్పకుండా వేయడం తప్పే. నమోదు విషయం మాత్రం నేరుగా గణాంకాలకు సంబంధించినది. టీకా వేయని పక్క మండలాల పిల్లల్లో అదే కాలంలో ఎందరు జబ్బుపడ్డారో, ఎందరు చనిపోయారో అంతే శ్రద్ధగా రాసి ఉంటే, 2010 ఏప్రిల్‌లో ఆ పట్టికలు పక్కపక్కన పెట్టి చూసేవారు. అవి లేకపోవడంతో ఒక పక్షం భయం చెప్పింది, మరో పక్షం భరోసా చెప్పింది. పిల్లలను పోగొట్టుకున్న ఇళ్లకు దక్కాల్సిన జవాబు మాత్రం దక్కలేదు.

ఇప్పుడు భద్రాచలం, కొత్తగూడెం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి, తిరుమలాయపాలెం ఖమ్మంలోనే ఉంది. ఆ హాస్టళ్లకు రేపు మరో టీకా రావచ్చు, మరో మాత్ర రావచ్చు. రావాలి కూడా. అది వచ్చే ముందే రెండు కాగితాలు సిద్ధం కావాలి. ఒకటి, తెలుగు రానివారికి కోయ భాషలో వివరించి తల్లిదండ్రుల చేత తీసుకున్న సమ్మతి పత్రం. రెండోది, ఆ పాఠశాలల్లోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ అంతకుముందు ఏళ్లలో పిల్లల జబ్బులు, మరణాల లెక్క. ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, విలేఖరులు మొదటి సూది వేయకముందే ఈ రెండూ అడగాలి.