బందిపోటు హీరో ఎలా అయ్యాడు?

సెలవుల్లో తాతగారి ఊరు వెళ్లినప్పుడు టీవీలో ‘మోసగాళ్లకు మోసగాడు’ చూశారా? 1971లో కృష్ణ కథానాయకుడిగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన తెలుగు కౌబాయ్ సినిమా అది. ఎడారి రాజస్థాన్‌ది. టోపీ, తుపాకీ మాత్రం హాలీవుడ్ ‘వెస్టర్న్’ సినిమాలవి. అలాంటి పాత హాలీవుడ్ సినిమా ఒకదాన్ని ఈనాటి కళ్లతో చూద్దాం.

1939లో వచ్చిన ‘జెస్సీ జేమ్స్’లో రైలు కంపెనీ మనుషులు రైతులను బెదిరించి భూములు చవగ్గా కొంటారు. వాళ్లు విసిరిన బాంబుకు జెస్సీ తల్లి చనిపోతుంది. అతడు పగబట్టి రైళ్లు దోస్తాడు. చూసేవాళ్లకు అతనిపై జాలి కలుగుతుంది.

చరిత్ర వేరు. జెస్సీ 1847లో మిస్సోరీ రాష్ట్రంలో, బానిసలను ఉంచుకున్న కుటుంబంలో పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కాపాడాలనుకున్న దక్షిణాది పక్షాన పోరాడాడు. ఆ తర్వాత బ్యాంకులు, రైళ్లు దోచాడు, మనుషుల్ని చంపాడు. బాంబు దాడి నిజంగానే జరిగింది. అయితే అది 1875లో. అప్పటికే అతడు పేరుమోసిన దొంగ. అతణ్ణి పట్టుకోవడానికి వచ్చిన డిటెక్టివ్‌ల దాడిలో తల్లి ఒక చెయ్యి పోగొట్టుకుంది, చిన్న తమ్ముడు చనిపోయాడు. 1882లో సొంత ముఠావాడే జెస్సీని వెనక నుంచి కాల్చి చంపాడు. తల్లి మాత్రం 1911 దాకా బతికింది.

చూశారా? దోపిడీల తర్వాత జరిగినదాన్ని సినిమా దోపిడీలకు కారణంగా చూపింది. ఆ ఇంట్లో బానిసలుగా బతికినవాళ్ల కథను వదిలేసింది.

ఇంకో సంగతి. షూటింగ్‌లో గుర్రాన్ని కొండ అంచు నుంచి నీళ్లలోకి పడేలా చేశారు. అది చనిపోయింది. జనం మండిపడ్డారు. 1940 నుంచి హాలీవుడ్ షూటింగుల్లో జంతువుల రక్షణను ఒక సంస్థ గమనించడం మొదలుపెట్టింది.

మన సూరత్‌లో సౌరాష్ట్ర నుంచి వచ్చిన స్నేహితులు చాలామందే ఉంటారు. ‘బహార్‌వటియా’ల కథలు వాళ్ల ఇళ్లలో అడిగి చూడండి. రాజు అన్యాయం చేశాడని ఊరు వదిలి తిరగబడ్డవాళ్ల కథలవి. ఝవేర్‌చంద్ మేఘాణీ ఊరూరా తిరిగి వాటిని సేకరించారు.

ఇలాంటి కథలు వినండి, సినిమాలు చూడండి, ఆనందించండి. చివర్లో రెండు ప్రశ్నలు వేసుకోండి: ఏది ముందు జరిగింది, ఏది తర్వాత? ఇందులో ఎవరి కథ చెప్పలేదు?