తొమ్మిదో తరగతిలో ఐదో తరగతి లెక్కలు

0.15, 0.5లలో ఏది పెద్దదని అడిగితే చాలామంది పిల్లలు 0.15 అంటారు. ఐదు కంటే పదిహేను పెద్దది కదా అన్నది వాళ్ల లెక్క. పోనీ, 0.5 అన్నవాళ్లందరికీ దశాంశాలు వచ్చినట్టేనా అంటే అదీ కాదు. బిందువు తర్వాత అంకెలు పెరిగితే విలువ తగ్గుతుందనుకునే పిల్లలూ ఉంటారు. ఇక్కడ వాళ్ల జవాబు ఒప్పే. కానీ 0.6, 0.83 ఇస్తే 0.6నే పెద్దదంటారు. నలభై మంది ఉన్న గదిలో ఒక్క టీచరు ఈ తేడాలన్నీ పట్టుకోవడం చాలా కష్టం.

ఎడ్యుకేషనల్ ఇనిషియేటివ్స్ సంస్థ తయారుచేసిన మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్ ఈ పనే చేస్తుంది. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది పక్కనపెట్టి, అతనికి పాఠం ఎక్కడ ఆగిపోయిందో ముందు ఒక పరీక్షతో తేల్చుకుంటుంది. ఆపైన అతని జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది.

2015లో పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ ఢిల్లీలో 619 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. లాటరీలో పేరొచ్చిన వాళ్లకు మైండ్‌స్పార్క్ కేంద్రంలో ఉచితంగా చదువు. రోజుకు 90 నిమిషాల్లో సగం కంప్యూటర్ ముందు, సగం చిన్న బృందంగా బోధకుల దగ్గర. ఆరంభ పరీక్షే కళ్లు తెరిపించింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులకు పెరిగింది. ఒకే తరగతి పిల్లల మధ్య ఐదారు తరగతుల తేడా!

అందరికీ పాఠ్యపుస్తకం మాత్రం ఒకటే.

నాలుగున్నర నెలల తర్వాత చూస్తే, లాటరీలో పేరు రానివాళ్ల కంటే వచ్చినవాళ్లు లెక్కల్లో రెట్టింపు ముందుకెళ్లారు, హిందీలో ఇంకాస్త ఎక్కువే. పేరు రానివాళ్లలో బాగా వెనకబడ్డ పిల్లలు దాదాపు ఏమీ ముందుకు కదల్లేదు. కేంద్రంలో చదివిన అలాంటి పిల్లలకు మాత్రం దానివల్ల తక్కినవాళ్లకు కలిగినంత మేలూ కలిగింది. ఈ అధ్యయనంలో అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే.

అయితే బడిలో పెట్టే లెక్కల పరీక్షలో మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. పిల్లలు నేర్చుకున్నది కింది తరగతుల లెక్కలు, ప్రశ్నపత్రం అడిగింది పై తరగతివి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనూ ట్యాబ్‌లతో ఇలాంటి బోధన జరుగుతోంది. నోబెల్ గ్రహీత మైఖేల్ క్రెమర్ బృందం దాన్ని అధ్యయనం చేసింది. బడి మార్కుల్లో ఈ ఎదుగుదల కనిపించదు కాబట్టి, ట్యాబ్ తేల్చిన స్థాయిని కూడా మార్కుల పక్కనే ప్రోగ్రెస్ కార్డులో వేస్తే, ఒక్క ఏడాదిలో ఐదో తరగతి లెక్కల నుంచి ఏడో తరగతి లెక్కలకు చేరిన పిల్ల కష్టం ఆమె తల్లిదండ్రులకూ కనిపిస్తుంది.